లోపల వదిలిన గుడ్డ

మార్చి 2, ఆదివారం

వసంత సంవత్సరీకం అయిపోయింది కాబట్టి ఇక శుభకార్యాలకు అడ్డు లేదని పంతులుగారు పోయిన వారం అన్నారు. ఈ ఇంట్లో శుభకార్యం ఏముంటుందని అనుకున్నాను.

ఉందట. సాయంత్రం డబ్లిన్ నుంచి మా అమ్మాయి దేదీప్య ఫోన్ చేసింది. ఐదో నెల. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో తను చెప్పలేదు, నేనూ అడగలేదు. మే నెలలో సీమంతం చేద్దామని వాళ్ళ అత్తగారు రాధారాణిగారు అన్నారట. జాగ్రత్తగా ఉండమన్నాను. ఉంటానంది. ఫోన్ పెట్టేస్తుందనుకుంటుండగా, అమ్మ వంగపండు రంగు పట్టుచీర మీ దగ్గరే ఉందా అని అడిగింది. ఉందన్నాను. జాకెట్టు కూడానా అంది. అదీ ఉందన్నాను.

అల్మరా తీసి చూడలేదు. ఉందని తెలుసు.

మార్చి 3

ఉంది.

మార్చి 8, శనివారం

రాధారాణిగారు ఫోన్ చేశారు. మంచి మనిషి. గాజులు, పూలు, పళ్ళు, చివరికి చలిమిడి కూడా తామే చూసుకుంటామన్నారు. "మీరేం శ్రమపడకండి అన్నయ్యగారూ, వచ్చి అక్షింతలు వేస్తే చాలు." చలిమిడి పుట్టింటివాళ్ళు తేవాలి. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఇక పుట్టింటి నుంచి వెళ్ళేది చీర ఒక్కటే. చీర ఎవరికైనా సరిపోతుంది. జాకెట్టు ఒక్కరిదే.

దీపూ తన కొలతలు మెసేజ్ పెట్టింది. జాకెట్టును డైనింగ్ టేబుల్ మీద పరిచి టేపుతో కొలిచాను. చాలా తక్కువైంది. మే నాటికి ఇంకా తక్కువవుతుంది. ఇక్కడ ఎడిసన్‌లో దర్జీ ఎవరికైనా ఇస్తానన్నాను. వద్దంది. పోయిన దీపావళికి వాళ్ళమ్మ ఆకుపచ్చ జాకెట్టును అక్కడ ఒక ఆల్టరేషన్ షాపులో ఇచ్చిందట. వదులు చేయమంటే వాళ్ళు కాస్త చేసి, లోపల గుడ్డ అనవసరంగా ఎక్కువుందని అంతా కత్తిరించి, అంచులకు మిషన్ కుట్టు వేసి, నీటుగా ఇస్త్రీ చేసి ఇచ్చారు. ఇక దాన్ని ఎప్పటికీ విప్పడానికి లేదు. ఆ రోజు అది కారులో కూర్చుని ఏడ్చిందని అల్లుడు నిశాంత్ అప్పట్లో నాకు చెప్పాడు. అది చెప్పలేదు.

"మీరే చూడండి నాన్నా. ఇంకెవరికీ ఇవ్వద్దు."

వసంత పోయాక అది నన్ను అడిగిన మొదటి పని ఇది.

మార్చి 9

సుధకు ఫోన్ చేశాను. సుధ ఇక్కడ పార్సిప్పనీలో ఉన్నన్నాళ్ళూ తనూ వసంతా మా బేస్‌మెంట్‌లో రెండు మిషన్లు పెట్టుకుని ఊళ్ళో సగం మందికి జాకెట్లు కుట్టారు. మూడేళ్ళ కిందట భర్త ఉద్యోగం మారి సుధ రెడ్‌మండ్ వెళ్ళిపోయింది. వరంగల్ మనిషి. నేనంటే మొదటి నుంచీ వేళాకోళమే.

జాకెట్టు నేనే విప్పి వదులు చేయాలనుకుంటున్నానని చెప్పాను.

"అన్నా, సూదిల దారం ఎక్కియ్యనీకి వస్తదా నీకు?"

చొక్కా బొత్తాం కుట్టుకోగలనన్నాను.

"గది చాలు. మిగిలింది వీడియోల జెప్త. గాని ముందుగాల పేర్లు నేర్చుకో. ఆ పక్కన ఇట్లుంది, ఈ పక్కన అట్లుంది అంటే నాకు సమజ్ గాదు. బ్రిడ్జి గురించి గిట్లనే రిపోర్ట్ రాస్తవా?"

రాయను. పాతికేళ్ళుగా రహదారి వంతెనల తనిఖీ నా ఉద్యోగం. ఎక్కడ ఏముందో పేరు పెట్టి చెప్పలేని వాడికి ఆ పనిలో చోటు లేదు.

మార్చి 12

సీమ్. రెండు గుడ్డలు కలిసే కుట్టు. సీమ్ అలవెన్స్. ఆ కుట్టుకు లోపలివైపు వదిలే గుడ్డ. బయటికి కనపడదు. ఇక్కడి బట్టల్లో అది వేలి గోరంత. మన దర్జీలు రెండు వేళ్ళ వెడల్పున వదులుతారు. అందులోనే పక్కపక్కనే ఇంకా ఒకటి రెండు వరసలు కుట్టి ఉంచుతారు. ఒళ్ళు వచ్చినప్పుడల్లా ఒక వరస విప్పుకుంటే చాలు. మనిషి మారుతుందని ముందే అనుకుని కుట్టే బట్ట.

వంతెనకు కూడా రెండు పలకల మధ్య ఖాళీ వదులుతాం. ఎండకు కాంక్రీటు పెరుగుతుంది. ఖాళీ లేకపోతే పగులుతుంది. ఈ మాట ఎప్పుడో వసంతకు చెప్పాను. "అయితే మీ వంతెనకు దర్జీ మంచివాడన్నమాట" అంది.

మార్చి 16, ఆదివారం

డార్ట్. బల్లపరుపుగా ఉన్న గుడ్డను ఒకచోట ముక్కోణంలా మడిచి కుడితే గుండ్రం వస్తుంది. మనవాళ్ళు డాట్లంటారు. వంగపండు జాకెట్టుకు ముందు వైపు మూడేసి. ఇవి ముట్టుకోవద్దని సుధ ఆజ్ఞ.

ఈ మాట నేను ఇదివరకే విన్నాను. వసంతకు హెచ్-4 వీసా మీద పని చేసే వీలు లేని రోజుల్లో కౌంటీ కాలేజీలో ఫ్యాషన్ డిజైన్ సర్టిఫికెట్ కోర్సులో చేరింది. రాత్రి అన్నాల దగ్గర ఆ రోజు నేర్చుకున్న మాటలు చెప్పేది. ప్రతిదానికీ తన ఊరి తెనాలి మాట వెతికేది. బయాస్ అంటే ఐమూల. ప్లాకెట్ అంటే హుక్కుల పట్టీ. గ్రెయిన్ అంటే పోగు వాటం. యోక్‌కు మాత్రం మాట దొరకలేదు. "భుజాల మీద కాడిలా ఉంటుంది కదండీ, కాడి అందామా?" అంది. అన్నాం. చాలా ఏళ్ళు మా ఇంట్లో యోక్ పేరు కాడి. దీపూ కుర్తా కొనుక్కొస్తే, కాడి మీద పని బాగుంది అనేది వాళ్ళమ్మ. దీపూకు ఆ మాట వేరే ఎక్కడా పనికిరాదని కాలేజీకి వెళ్ళాక తెలిసింది.

క్లాసులో టీచరు బొమ్మకు తొడిగి చూపించేదట. బొమ్మలన్నీ నంబర్లు. ఆరు, ఎనిమిది, పది. "వీళ్ళకు సైజులుంటాయి. మనకు సుబ్బలక్ష్మి జాకెట్టు, కామేశ్వరి జాకెట్టు ఉంటాయి" అని నవ్వింది. కోర్సులో మంచి మార్కులు వచ్చాయి. ఏ మార్కులో గుర్తు లేదు. ఆ సాయంత్రం పాయసం చేసింది.

మార్చి 22

ఈజ్. ఒంటి కొలతకూ బట్ట కొలతకూ మధ్య తేడా. ఊపిరి తీయడానికి, చెయ్యి ఎత్తడానికి, కూర్చోవడానికి వదిలే జాగా. తెలుగులో ఏమంటారని సుధను అడిగితే, "లూజు. ఇంకేమంటరు?" అంది.

కోర్సు అయ్యాక వసంత ఒక పెళ్ళికని వెనక హుక్కుల జాకెట్టు ఒకటి కుట్టుకుంది. కాలర్ ఉన్నది, వీపంతా మూసినది. కుట్టడమైతే కుట్టింది కానీ తొడుక్కుని హుక్కులు తనంతట తను పెట్టుకోలేకపోయింది. అవి పెట్టడం నా పని అయింది. పైనుంచి కిందికి పెట్టుకుంటూ వస్తే చివరిది అందేది కాదు. లోపలికి పీల్చమన్నాను. "పీల్చాను, మీరు ఊపిరి వదలండి ముందు" అంది. నిజమే, నేనే బిగపట్టి ఉన్నాను. ఆ పెళ్ళికి చాలా ఆలస్యంగా వెళ్ళాం.

మార్చి 23

వాన. ఏమీ నేర్చుకోలేదు.

మార్చి 30, ఉగాది

దీపూ శుభాకాంక్షలు పెట్టింది. నేనూ పెట్టాను.

రెండేళ్ళ కిందటి ఉగాదికి గుడిలో తీసిన ఫోటో ఫోన్లో చూశాను. వసంత ఈ వంగపండు చీరలోనే ఉంది. జాకెట్టు ఒక్క ముడత లేకుండా ఒంటికి అతికినట్టుంది. అదే ఏడు జూలైలో ఎడిసన్‌లో పెళ్ళి, అదే చీర. దసరాకు మా ఇంట్లో పేరంటం, అదే చీర. మూడింటిలోనూ జాకెట్టు అలాగే ఉంది. దసరా తర్వాత కొద్ది వారాలకే స్కాన్‌లో జబ్బు బయటపడింది. మరుసటి ఫిబ్రవరికి వెళ్ళిపోయింది.

కర్మకాండ జరుగుతున్న వారంలో దీపూ ఒక మాట అంది. వంటింట్లో ఇద్దరమే ఉన్నాం. గిన్నెలు తుడుస్తూ అంది. "అన్ని నెలలు అలా చిక్కిపోతుంటే మీరు చూడలేదా నాన్నా? మీరు పగుళ్ళు చూసే జాబ్ చేస్తారు కదా."

ఈ ఫోటోలే తీసి చూపించాను. చూడు, జాకెట్టు కూడా వదులు కాలేదు, చిక్కినట్టు ఎక్కడుంది అన్నాను. అది ఫోటోల వంక చూసింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత మా మధ్య వాతావరణం, ట్రాఫిక్, తిన్నారా, తిన్నాను.

నేను చూపించినది నిజమే. ఇవాళ మళ్ళీ చూశాను. చిక్కినట్టు లేదు.

ఏప్రిల్ 5, శనివారం

సుధ చెప్పినట్టు జాకెట్టును లోపలివైపు తిప్పి, లైనింగ్ కింది అంచు విప్పి, కిటికీ దగ్గర పెట్టి చూశాను. చేతి అంచు నుంచి చంక మీదుగా నడుం దాకా ఒకటే సీమ్. సీమ్‌కు అవతల మడిచిన గుడ్డ, రెండు వేళ్ళ వెడల్పు. లోపలి గుడ్డ రంగు వాడలేదు. కొన్ననాటి వంగపండు రంగు అదేనని మరిచిపోయాను.

చిట్టచివర అంచు దగ్గర దారం లేని ఒక వరస చిల్లులున్నాయి. ఎప్పుడో కుట్టి విప్పినవి. అది తెలిసిందే. దీపూ కడుపులో ఉన్నప్పుడు తెనాలిలో వసంత సీమంతానికి దర్జీ ఇంతవరకూ వదులు చేశాడు. తర్వాత మళ్ళీ మామూలు చేయించుకుంది. ఆ మామూలు మిషన్ కుట్టు దానికి ఇవతల ఉంది.

దానికీ ఇవతల, ఒంటి వైపు, ఇంకో మూడు వరసలున్నాయి. రెండు పక్కలా. చేత్తో కుట్టినవి. చిన్న చిన్న కుట్లు, ఒకదాని వెనక ఒకటి, మిషన్ కుట్టుతో పోటీ పడేలా. దారం కాస్త వేరు రంగు. ఒక్కో వరసా ముందుదానికంటే గింజంత లోపలికి.

బయటికి వదలడానికి కాదు. లోపలికి వేసుకోవడానికి.

ఏప్రిల్ 6

మళ్ళీ చూశాను. మూడే.

ఏప్రిల్ 7

ఉగాదికి ఒకటి. జూలైకి ఒకటి. దసరాకు ఒకటి.

జాకెట్టు వదులు కాలేదు. కానివ్వలేదు.

ఏప్రిల్ 12, శనివారం

సుధతో వీడియో. ఎన్ని వరసలున్నయో చెప్పు అంది. చెప్పాను. కెమెరా దగ్గరికి పెట్టమంది. పెట్టాను. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"మిషన్ మీద రెండు నిమిషాల పని. చేత్తోటి ఎందుకు కుట్టింది?" అని తనలో తను అనుకుంది. జవాబు నాకు తెలుసు. మిషన్ వేస్తే ఇల్లంతా వినపడుతుంది. ఏం కుడుతున్నావని అడుగుతాను.

చేత్తో ఎక్కడ కుట్టిందో కూడా నాకు తెలుసు. సాయంత్రాలు సోఫాలో నా పక్కన కూర్చుని ఒళ్ళో ఏదో బట్ట పెట్టుకుని కుట్టేది. నేను లాప్‌టాప్‌లో వంతెనల రిపోర్టులు రాసుకునేవాణ్ణి. చీరకు ఫాల్ అనుకున్నాను. ఎవరిదో హెమ్మింగ్ అనుకున్నాను. టీ కావాలా అని అడిగితే దారం కొరికి తల ఊపేది.

తనకు ముందే అనుమానముందా, లేక ఊరికే జాకెట్టు సరిచేసుకుందా అని సుధను అడిగాను. ఒక్కసారి వేస్తే సరిచేసుకున్నట్టు అంది. కాసేపటికి, దీపూకు చూపిస్తవా అని అడిగింది.

సుధకు వంటింట్లో మాట సంగతి తెలుసు. నేను ఆ విషయం చెప్పింది ఆవిడ ఒక్కదానికే.

"చూపిస్తే నీ మీది మాట పోతది అన్నా."

పోతుంది. ఒక ఫోటో చాలు. కిటికీ వెలుతురులో స్పష్టంగా వస్తుంది. చూడు, నేను చూడకపోవడం కాదు, మీ అమ్మ చూడనివ్వలేదు. అంతకంటే రాయనవసరం లేదు. దానికి అర్థమవుతుంది. అర్థమయ్యాక అది ఆరో నెల కడుపుతో కూర్చుని వాళ్ళమ్మ గురించి ఏమనుకోవాలో ఆలోచిస్తుంది.

చూపించకుండా విప్పితే జాకెట్టు దానికి పడుతుంది. ఆ వరసలు ఉండవు.

ఏప్రిల్ 15

పాత పట్టును విప్పేముందు కొన్నాళ్ళు గాలికి ఆరేస్తే మంచిదని ఎక్కడో చదివాను. హాంగర్‌కు తగిలించాను.

ఏప్రిల్ 19

ఇంకా ఆరాలి.

ఏప్రిల్ 24

ఆఫీసులో పని ఎక్కువ. రూట్ 46 మీద ఒక వంతెనకు రెండోసారి తనిఖీ. నిచ్చెన ఎక్కి, లైటు వేసి, పగులు పక్కన సుద్దతో గీత గీసి, తేదీ వేశాం. వచ్చే ఏడు ఆ గీత దాటితే పగులు పెరిగినట్టు లెక్క. కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, పైన రంగు వేస్తే ఎలా కనిపెడతారని. కనిపెట్టలేమని చెప్పాను. అందుకే పగుళ్ళున్నచోట రంగు వేయనివ్వం.

ఏప్రిల్ 27, ఆదివారం

దీపూ ఫోన్. కొత్త కొలతలు చెప్పింది. ముందుకంటే పెరిగాయి. జాకెట్టు అయిందా అంది. అవుతోందన్నాను.

"అమ్మ సీమంతానికి ఇదే కట్టుకుందా?"

అవునన్నాను.

"మరి అప్పుడు పట్టిందా తనకి?"

దర్జీ చివరిదాకా విప్పాడని చెప్పాను. ఆ చిల్లులు ఇంకా ఉన్నాయని చెప్పాను. నువ్వు చెప్పిన కొలత సరిగ్గా అక్కడికే వస్తోందని కూడా చెప్పాను. అది అబద్ధం కాదు, టేపు పెట్టి చూశాను.

అంతలోనే, లోపల తంతోంది నాన్నా, ఇప్పుడే, అంది. ఎటువైపు అని అడిగాను. ఎందుకడిగానో తెలీదు. ఎడమ పక్కన అంది. నిశాంత్ వచ్చి చెయ్యి పెట్టేలోపు ఆగిపోయిందట. ఇద్దరూ నవ్వడం వినపడింది.

ఆ నవ్వు అయ్యాక చెప్పవచ్చు. దీపూ, నీకు ఒక ఫోటో పంపుతాను చూడు అనవచ్చు. ఫోన్ చేతిలో ఉంది, జాకెట్టు ఎదురుగా హాంగర్ మీద ఉంది.

రాత్రికి ఏం వండుకుంటున్నారని అడిగాను.

మే 3, శనివారం

విప్పాను.

సీమ్ రిప్పర్ అని ఒకటుంది, చిన్న కొక్కెంలాంటిది. వసంత దాన్ని ఎప్పుడూ వాడేది కాదు, సగం బ్లేడుతో విప్పేది. నాకు బ్లేడు భయం. పట్టు ముప్పై ఏళ్ళు దాటింది, లాగితే పిగులుతుంది. ఒక్కో కుట్టు కింద కొక్కెం పెట్టి, తెంపి, దారం ముక్కను వేళ్ళతో తీసి పక్కన పెట్టాను. మిషన్ కుట్టు అయితే ఒకచోట తెంపితే గీతంతా జారిపోతుందని సుధ చెప్పింది. చేతి కుట్టు అలా రాదు. ప్రతిదీ వెనక్కి తిరిగి తన ముందుదాన్ని పట్టుకుని ఉంటుంది. ఒక్కొక్కటీ విడిగా తెంపాలి.

దసరాది ముందు. తర్వాత జూలైది. దసరా వరసలో ఒకచోట దారం ముడి పడి, మళ్ళీ మొదలుపెట్టినట్టుంది. మిగతా అంతా సమంగా ఉన్నచోట అక్కడ మూడు నాలుగు కుట్లు పెద్దవి. చెయ్యి వణికిందో, నేను ఏదైనా అడిగితే తల తిప్పిందో.

అక్కడ చాలాసేపు ఆగాను. ఫోన్ బల్ల మీదే ఉంది. ఆ మూడు నాలుగు కుట్లు మాత్రం ఫోటో తీసుకుందామనుకున్నాను, నా కోసమే. నా కోసం తీసుకున్నది ఏదో ఒక రోజు దానికి చూపిస్తాను. తీయలేదు.

ఉగాది వరస అయ్యేసరికి వెలుతురు తగ్గింది. ఆఖర్న పాత మిషన్ కుట్టు ఒకచోట తెంపితే జారిపోయింది. ఎడమ చంక కింద కొద్దిగా పిగిలింది. దారం ముక్కలన్నీ అరచేతిలోకి తీసుకుంటే ఏమీ లేనట్టే ఉన్నాయి. చెత్తబుట్టలో వేశాను.

మే 4, ఆదివారం

సుధ వీడియోలో పక్కనే కూర్చున్నట్టు కూర్చుంది. పిగిలినచోట లోపల నుంచి పల్చటి గుడ్డ ముక్క వేసి సన్నగా కుట్టించింది. తర్వాత చివరి చిల్లుల వరస మీదుగా పెద్ద కుట్లు, వాటి పక్కన మిషన్. వసంత మిషన్ మీద కూర్చోవడం ఇదే మొదటిసారి. కాలు పెడల్ మీద గట్టిగా పెడితే అది పరుగెత్తింది.

"మెల్లగ అన్నా. హైవే గాదు."

రెండుసార్లు వంకర పోయింది. రెండుసార్లూ విప్పించింది. మూడోది చూసి, నడుస్తది అంది. ఆవిడ నోట అంతకంటే పెద్ద మాట నేను వినలేదు.

చిల్లులు పట్టులో పూడవని, ఆవిరి పెట్టినా పోవని కూడా చెప్పింది. లైనింగ్ కింద ఉంటాయి, ఎవరు చూస్తారన్నాను.

మే 16, శుక్రవారం, డబ్లిన్

మధ్యాహ్నం దిగాను. నిశాంత్ వచ్చి తీసుకొచ్చాడు. రాధారాణిగారు, ఇంకో నలుగురు ఆడవాళ్ళు వంటింట్లో ఉన్నారు. దీపూ గుమ్మంలో నిలబడి ఉంది. ఫోన్లో చూడటం వేరు. నడక మారింది. వాళ్ళమ్మలాగే నడుం మీద చెయ్యి పెట్టుకుని నడుస్తోంది.

పైన గదిలో చీరా జాకెట్టూ ఇచ్చాను. జాకెట్టును వెలుతురులో ఎత్తి చూసింది. చంక కింద పొడుగునా సన్నటి ముదురు చార పడింది, లోపలి గుడ్డ బయటికి వచ్చినచోట. బాగా లేదేమో, చెయ్యి దించితే కనపడదులే అన్నాను. అది విననట్టే ఉంది. మీరు ఎలా కుట్టారో చూడాలి అని జాకెట్టును లోపలివైపు తిప్పి, లైనింగ్ కిందికి వేళ్ళు పోనిచ్చింది. ఆ పని చేస్తుందని నేను అనుకోలేదు. వాళ్ళమ్మ ఏ బట్ట కొన్నా ముందు లోపలికే తిప్పి చూసేది.

నా కుట్టు చూసి నవ్వింది. తర్వాత వేలు పక్కకు జరిగింది. ఒక వరస చిల్లుల మీద, ఇంకో వరస మీద, ఇంకో వరస మీద.

"ఇవేంటి?"

పాత కుట్లన్నాను.

వేలు జూలై వరస దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది. చాలాసేపటికి మంచం మీద కూర్చుంది, జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని.

"నాన్నా, జూలైలో పెళ్ళికి నేను వచ్చాను కదా. అప్పుడు ఇక్కడ పిన్స్ పెట్టింది నేనే."

నాకు అర్థం కాలేదు.

"అమ్మ అద్దం ముందు నిలబడి పిన్ చెయ్యి అంది. పాత బ్లౌజ్, సాగిపోయింది అంది. నేను పెట్టాను. ఇంత గ్యాప్ వచ్చింది. ఇంత. నేను చూశాను నాన్నా. లూజ్ అయిందేంటి అమ్మా, డైటింగా అని జోక్ చేశాను. నాన్నకి చెప్పకు, స్వీట్లు మానేశానంటే నవ్వుతారు అంది. నేను చెప్పలేదు."

కింద ఎవరో బిందె ఎక్కడ పెట్టాలని అడుగుతున్నారు.

"ఆ రోజు కిచెన్‌లో మిమ్మల్ని అడిగాను చూడండి..." అని ఆగిపోయింది. మిగతాది ఎలా చెప్పాలో దానికి తెలుగులో దొరకలేదు, ఇంగ్లీషులోనూ దొరకలేదు. చెప్పక్కర్లేదన్నాను. పక్కన కూర్చున్నాను.

ఈ కుట్ల సంగతి మీకెప్పుడు తెలిసిందని అడిగింది. ఏప్రిల్‌లో అన్నాను.

"నాకు చూపించి ఉంటే, మీ మీద నాకు... ఎందుకు విప్పేశారు?"

"జాకెట్టు నీకు పట్టాలి కదమ్మా."

అప్పుడు ఏడ్చింది. నా భుజం మీద కాదు, జాకెట్టు తడవకుండా దాన్ని పక్కకు జరిపి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని. నేను వీపు మీద చెయ్యి వేసి ఉంచాను. కాసేపయ్యాక ముఖం తుడుచుకుని మళ్ళీ జాకెట్టు తీసుకుని ఆ చిల్లులను చూసింది.

"ఎంత స్ట్రెయిట్‌గా కుట్టింది నాన్నా. మిషన్ మీద కూడా మీకు అలా రాలేదు."

రాలేదన్నాను.

మే 17, శనివారం

పట్టింది. ఎక్కడా బిగువు లేదు.

ఆడవాళ్ళందరూ వరసగా గాజులు తొడిగారు. ప్రతిసారీ అది చెయ్యి ముందుకు చాపింది, అక్షింతలకు తల వంచింది, హారతికి లేచి నిలబడింది. నేను వెనక గోడ దగ్గర నిలబడి ఎడమ చంక కింద పిగిలినచోటు చూస్తూనే ఉన్నాను. కుట్టు కదల్లేదు. ఆ ముదురు చార అది చెయ్యి ఎత్తినప్పుడల్లా కనిపించింది. ఎవరో అది డిజైనా అని అడిగితే, అవును ఆంటీ, మా పుట్టింటి డిజైన్ అంది.

రాధారాణిగారు నన్ను పిలిచి చలిమిడి పళ్ళెం నా చేతికిచ్చారు. కలిపింది ఆవిడే. ఇచ్చేది మాత్రం మీరే అన్నారు. దీపూ కొంగు పట్టింది. అందులో పెట్టాను.

భోజనాలయ్యాక అది పక్కకు వచ్చి కూర్చుంది. డెలివరీ తర్వాత ఈ జాకెట్టు మళ్ళీ లోపలికి వెయ్యాలి కదా అంది. వెయ్యాలన్నాను. లోపల గుడ్డ ఉంటుంది, ఎక్కడికీ పోదన్నాను.

"ఇక్కడ ఎవరికీ ఇవ్వను. పురిటికి పుట్టింటికి పంపాలని అత్తయ్య అంటున్నారు. నేను ఫ్లైట్ ఎక్కలేను. పుట్టిల్లే రావాలి. మిషన్ కూడా తెచ్చుకోండి."

మిషన్ విమానంలో రానిస్తారో లేదో చూడాలన్నాను. నిశాంత్ అప్పుడే ఫోన్లో వెతకడం మొదలుపెట్టాడు.

సోమవారం ఆఫీసులో ఆగస్టుకు సెలవు అడగాలి.